అయ్యగారి జీతం పల్లె కానుకలోంచే
ఆంధ్ర లూథరన్ సంఘంలో పారిష్, సినడ్, కేంద్ర కార్యాలయం ఎవరి బాధ్యత ఎంత?

విజయవాడ: కృష్ణానదికి ఎడమగట్టున ఆదివారం ఆరాధనకు బయలుదేరిన ప్రొటెస్టెంటు కుటుంబాన్ని మీది ఏ సంఘమని అడిగితే సీఎస్ఐ అన్న సమాధానమే ఎక్కువగా వస్తుంది. ప్రకాశం బ్యారేజీ దాటి తెనాలి, రేపల్లె దారి పడితే అదే ప్రశ్నకు లూథరన్ అన్న జవాబు తరచుగా వినిపిస్తుంది. దీనికి కారణం పద్ధెనిమిది వందల నలభైలలో ఉంది. ఇంగ్లండుకు చెందిన చర్చి మిషనరీ సొసైటీ తరఫున హెన్రీ ఫాక్స్, రాబర్ట్ నోబుల్ 1841లో మచిలీపట్నం చేరారు. మరుసటి ఏడాది జూలై 31న అమెరికన్ లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టారు. తరువాత మిషన్లు ఒకరి ప్రాంతంలోకి మరొకరు వెళ్లరాదన్న అవగాహనకు వచ్చాయి. దాంతో తూర్పు డెల్టా అటు, పశ్చిమ డెల్టాలో పెద్ద భాగం ఇటు పడ్డాయి. దక్షిణాన బాపట్ల, ఒంగోలు వైపు బాప్టిస్టులు బలపడ్డారు.

ఫాదర్ హయ్యర్ పేరు పశ్చిమ డెల్టాలో తెలియనివారు తక్కువ. ఆయన స్థాపించిన సంప్రదాయంలో ఏర్పడిన ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ చర్చి దేశంలోని అతి పెద్ద లూథరన్ సంఘాలలో ఒకటి. దీనినే ఏఈఎల్‌సీ అని పిలుస్తారు. కేంద్ర కార్యాలయం గుంటూరులో ఉంది. అయితే ఒక పల్లెలో గుడి తలుపు ప్రతి ఆదివారం ఎలా తెరుచుకుంటున్నది, అక్కడి పాస్టరుకు జీతం ఎవరిస్తున్నారు, ఆయన వృద్ధుడైతే చూసేదెవరు అన్న సంగతులు ఆ సంఘస్థులలోనే చాలామందికి స్పష్టంగా తెలియవు. ఒకప్పుడు సొమ్ము సముద్రాలు దాటి పైనుంచి పల్లెకు దిగేది. నేడు పల్లె నుంచే పైకి వెళ్లాలి. ఈ తలకిందులు కావడంలోనే ఈ సంఘపు నేటి కష్టసుఖాలన్నీ ఉన్నాయి.

ఒక పాస్టరు, పలు పల్లెలు

లూథరన్ అమరికలో అడుగున ఉండేది గ్రామసంఘం. డెల్టా పల్లెల్లో ఇది సాధారణంగా దళితవాడలోని కొన్ని పదుల కుటుంబాల సమూహం. వ్యవసాయ కూలీలు, కౌలు రైతులు, ఇటీవలి కాలంలో తాపీ పనివారు, ఆటో నడిపేవారు, ఒకరిద్దరు ఉద్యోగులు ఇందులో ఉంటారు. ఇంత చిన్న సంఘం ఒక పాస్టరును పూర్తిగా పోషించలేదు. అందుకే ఇరుగుపొరుగు గ్రామసంఘాలను కలిపి పారిష్‌గా ఏర్పరచారు. పాస్టరు పారిష్ కేంద్రంలో నివసిస్తూ మిగిలిన ఊళ్లకు వంతులవారీగా వెళ్తారు. పాస్టరును ఊరివారు అయ్యగారు అని, ఆయన భార్యను అమ్మగారు అని పిలుస్తారు. పిలుపు ఒకటే అయినా పారిష్‌కూ పారిష్‌కూ ఆదాయంలో చాలా తేడా ఉంటుంది.

బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం అభిషేకం పొందిన పాస్టరు చేతుల మీదుగానే జరగాలి. వివాహం సంగతి చట్టంతో ముడిపడి ఉంది. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం వివాహాలు జరిపే పాస్టరుకు ప్రభుత్వ లైసెన్సు ఉండాలి, వివాహ రిజిస్టరు నిర్వహించాలి. మిగిలిన ఆదివారాలలో వాక్యం చదివి, ప్రార్థన నడిపి, జబ్బుపడినవారిని పరామర్శించేది ఉపదేశి. ఉపదేశి లేని చోట సంఘపెద్దలలో ఒకరు ఆ పని చేస్తారు. కాబట్టి పల్లెలో సంఘానికి ప్రతిరోజూ కనిపించే మనిషి ఉపదేశియే. వేతనాల వరుసలో అందరికన్నా చివర నిలిచేది కూడా ఆయనే.

పారిష్‌లన్నీ కలిసి సినడ్. గోదావరి జిల్లాలలోను, ఉమ్మడి గుంటూరు ప్రాంతంలోను విస్తరించిన సంఘాన్ని ఐదు సినడ్లుగా విభజించారు. తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి పేర్లతో రెండు ఉన్నాయి. తూర్పు, మధ్య, పశ్చిమ గుంటూరు పేర్లతో మూడు ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనలో తెనాలి గుంటూరు జిల్లాలోనే మిగిలిపోగా రేపల్లె బాపట్ల జిల్లాలోకి, విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లాయి. సంఘపు లెక్కలలో మాత్రం పాత పేర్లే నడుస్తున్నాయి. సినడ్లపైన ఎన్నికైన ప్రతినిధులతో కూడిన మహాసభ, కార్యనిర్వాహక మండలి, వాటికి అధిపతిగా ఒకప్పుడు ప్రెసిడెంటు, తరువాతి కాలంలో బిషప్ ఉంటూ వచ్చారు.

అమెరికా నిధులు ఆగినప్పుడల్లా

విదేశీ నిధులపై ఆధారపడిన సంఘం ఎంత బలహీనమో ఇక్కడి చరిత్ర ఆది నుంచి చెబుతూనే ఉన్నది. ఉత్తర జర్మనీ మిషన్ వారు 1845లో రాజమండ్రిలో పని ఆరంభించారు. అయితే స్వదేశంలో నిధులు అడుగంటడంతో కొద్ది సంవత్సరాలకే దానిని అమెరికన్ లూథరన్‌లకు అప్పగించవలసి వచ్చింది. 1861 నుంచి 1865 వరకు సాగిన అమెరికా అంతర్యుద్ధం గుంటూరు, రాజమండ్రి పాఠశాలలపైన కూడా ప్రభావం చూపింది. కొత్త మిషనరీలు రాలేదు, ఉన్నవారు అనారోగ్యంతో తగ్గిపోయారు. చివరకు 1869లో రాజమండ్రి క్షేత్రాన్ని చర్చి మిషనరీ సొసైటీకి ఇచ్చివేసే ఆలోచన సాగింది. అప్పటికి పదవీ విరమణ చేసి ఉన్న హయ్యర్ ఈ వార్త విని అమెరికాలోని సంఘప్రతినిధుల సభకు వెళ్లి తానే మళ్లీ బయలుదేరుతానని ముందుకు వచ్చారు. డెబ్బై ఆరేళ్ల వయసులో ఆయన తిరిగి రావడం వల్లనే రాజమండ్రి లూథరన్‌ల చేతిలో మిగిలింది. ఆ వృద్ధుడు వెనుదీసి ఉంటే నేడు గోదావరి జిల్లాలలో సంఘాల పటం మరోలా ఉండేది.

తరువాతి అర్ధశతాబ్దంలో గుంటూరు, రాజమండ్రి మిషన్లు అమెరికాలోని రెండు వేర్వేరు లూథరన్ సంస్థల కింద నడిచాయి. 1918లో ఆ సంస్థలు అక్కడ ఏకమైనాయి. ఇక్కడ కూడా కలయిక సాధ్యమై 1927లో ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ చర్చి ఏర్పడింది. తొలి భారతీయ ప్రెసిడెంటుగా ఇ.ప్రకాశం 1944లో బాధ్యతలు స్వీకరించారు. 1950లో ఈ సంఘం లూథరన్ ప్రపంచ సమాఖ్యలో సభ్యత్వం పొందింది. పీఠం భారతీయులకు దక్కినా తాళంచెవుల గుత్తి కొంతకాలం మిషనరీల దగ్గరే ఉండిపోయింది. ఆస్పత్రుల, కళాశాలల, వసతిగృహాల ఖర్చులో పెద్ద భాగం అమెరికా నుంచే వస్తుండడం అందుకు కారణం. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో వచ్చి 1898లో గుంటూరులో ప్రారంభించిన ఆస్పత్రి, 1885లో కళాశాలగా మారి తరువాత ఆంధ్ర క్రైస్తవ కళాశాలగా పేరొందిన విద్యాలయం ఆ కాలపు గుర్తులే.

సంస్థలకు విదేశీ సాయం చేరినంతగా పల్లె పాస్టరుకు చేరలేదన్నది గమనించవలసిన విషయం. జీతాల గ్రాంటును ఏటేటా కొంత తగ్గిస్తూ ఆ మేరకు స్థానిక కానుకలు పెంచాలన్నది మిషన్ల సాధారణ విధానం. స్వయంపోషక సంఘం అన్న మాట ఆనాటిదే. కృష్ణకు అవతల ఇదే పాఠాన్ని దోర్నకల్ బిషప్ వి.ఎస్.అజరయ్య మరింత గట్టిగా బోధించారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయిన ఆయన పేదలైనా ఇవ్వనిదే సంఘం తమదని భావించలేరని నమ్మి, కానుకల గురించి ప్రత్యేకంగా పుస్తకమే రాశారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఆ ఐక్యతలో లూథరన్‌లు చేరలేదు. సంఘాలు వేరైనా పల్లె ఖజానా పరిస్థితి మాత్రం రెండు గట్లలోనూ ఒక్కటే.

బడిపంతులే ఉపదేశి

పల్లె సంఘాలను దాదాపు నూరేళ్లు నిలబెట్టిన ఏర్పాటు మరొకటి ఉన్నది. దానిని సంఘసహాయమని ఎవరూ అనరు గాని నిజానికి అంతకన్నా పెద్ద సహాయం లేదు. దళితవాడలో మిషన్ ఎలిమెంటరీ బడి పెట్టి అందులో ఒక క్రైస్తవ ఉపాధ్యాయుని నియమించేవారు. వారంలో ఆరు రోజులు ఆయన పలకలు దిద్దించేవారు, ఏడో రోజు ఆరాధన నడిపేవారు. అనేక చోట్ల బడి, గుడి ఒకే పాకలో ఉండేవి. బడికి ప్రభుత్వ గ్రాంటు వచ్చేది కనుక ఉపదేశికి వేరే జీతం వెతకవలసిన అవసరం సంఘానికి ఉండేది కాదు. ఉపాధ్యాయుని భార్య స్త్రీలకు చదువు చెప్పడం, బైబిలు స్త్రీగా ఇంటింటికి వెళ్లడం కూడా ఉండేది. బైబిలు స్త్రీలకు శిక్షణ ఇచ్చేందుకు రాజమండ్రిలో షార్లెట్ స్వెన్సన్ పాఠశాల నడిచింది.

ఈ ఏర్పాటు ఒక్కరోజులో కూలిపోలేదు. ఎయిడెడ్ ఉపాధ్యాయులకు ప్రభుత్వమే నేరుగా జీతాలు ఇవ్వడం మొదలైన తరువాత వారి ఆర్థిక స్థితి మెరుగుపడింది. కాని ఊళ్లో కాపురం ఉండవలసిన అవసరం తగ్గి పట్టణం నుంచి రాకపోకలు సాగించేవారు పెరిగారు. ఆ తరువాత ఖాళీలు భర్తీ కాక బడులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 2021లో ఎయిడెడ్ విద్యాసంస్థలు సిబ్బందిని, ఆస్తులను ప్రభుత్వానికి అప్పగించాలన్న రాష్ట్ర ప్రభుత్వ నిర్ణయం తీవ్ర చర్చకు దారితీసింది. నిరసనల తరువాత నిర్ణయాన్ని వెనక్కి తీసుకునే వెసులుబాటు యాజమాన్యాలకు ఇచ్చారు. అప్పటికే పల్లె బడుల్లో అధికభాగం చరిత్రలో కలిసిపోయాయి. పంతులు పోవడంతో సంఘానికి జీతం అక్కరలేని ఉపదేశి కూడా పోయాడు. ఆ ఖాళీని భర్తీ చేయడానికి సరిపడిన కానుక పల్లెలో లేదు.

గుప్పెడు బియ్యం, వేలం పాట

మరి కానుక ఎలా కూడుతుంది? పాత పద్ధతులలో అందరికీ తెలిసినది గుప్పెడు బియ్యం. పూట పూటా ఎసట్లో బియ్యం పోసేముందు గృహిణి ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేస్తుంది. వారాంతానికి ఆ కుండ గుడికి చేరుతుంది. ఆ బియ్యం పాస్టరు ఇంటికి పోవడమో, అమ్మి సొమ్ము ఖాతాలో వేయడమో జరుగుతుంది. ఇది స్త్రీల చేతిలోని పద్ధతి. మగవాని కూలి డబ్బులు సారా కొట్టు దారి పట్టిన ఇళ్లలో కూడా ఈ కుండ మాత్రం నిండేది. స్త్రీల సమాజాలు పల్లెలో సంఘానికి వెన్నెముకగా నిలవడంలో దీని పాత్ర చిన్నది కాదు. రేషన్ బియ్యం వచ్చాక కుండలోని బియ్యం రకం మారిందే గాని అలవాటు పూర్తిగా పోలేదు.

రెండవది కోత పండుగ. మాసూళ్లు ముగిసిన తరువాత ఒక ఆదివారం సంఘస్థులు తమ పంటలోంచి తెచ్చినవి గుడి ముందు పెడతారు. ధాన్యం బస్తా, మినుములు, పెసలు, కొబ్బరికాయలు, గుమ్మడికాయ, అరటిగెల, కోడిపుంజు, కొందరి ఇంటి పిండివంటలు కూడా వస్తాయి. ఆరాధన అయ్యాక వేలం పాట. బజారులో ఇరవై రూపాయలు చేయని నిమ్మకాయల బుట్టను హైదరాబాదు నుంచి వచ్చిన ఉద్యోగి పంతానికి వందలు పాడి తీసుకోవడం ఈ పండుగలో మామూలే. చాలా పల్లె సంఘాలకు ఏడాది పొడుగునా వచ్చిన చందాలకన్నా ఈ ఒక్క రోజు ఆదాయమే ఆసరా.

పంటమీద ఆధారపడిన ఆదాయం కావడంతో తుపాను దెబ్బ గుడికీ తగులుతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటినప్పుడు కోసి పనలమీద ఉన్న వరి నీట మునిగింది. సరిగ్గా కోత పండుగల కాలమది. అంతకుముందు 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన తరువాత చర్చిల ఉమ్మడి సహాయసంస్థ కాసా తీరగ్రామాలలో తుపాను ఆశ్రయ భవనాలు నిర్మించింది. విపత్తు వచ్చినప్పుడు బయటి సాయం అందుతుంది. మామూలు సంవత్సరంలో జీతానికి అందదు.

వరికోత యంత్రాలు వచ్చాక మరో మార్పు జరిగింది. కోత కూలి ధాన్యంగా ఇచ్చే రోజులు పోయాయి. కూలి ఇంట్లో గాదె లేదు, నోటు ఉంది. నోటుకు ఖర్చులూ ఎక్కువే. వలసపోయిన పిల్లలు ఫోను ద్వారా పంపే కానుక ఈ లోటును కొంత పూడుస్తున్నది. అయితే అది ఊరి గుడి కట్టడానికి, గోపురానికి రంగులు వేయడానికి వచ్చినంత సులభంగా ఉపదేశి నెల జీతానికి రాదు. పాలరాతి ఫలకంపై పేరు కనిపించే ఖర్చుకే దాతలు మొగ్గు చూపుతారన్నది ఏ సంఘపెద్దను అడిగినా చెప్పే సత్యం.

పారిష్ చేయలేనిది పైసంఘం చేయాలి

సొంత కానుకతో నడిచే సంఘానికి సినడ్, కేంద్ర కార్యాలయం ఎందుకన్న ప్రశ్న సహజం. స్వతంత్ర సంఘాలు అవేవీ లేకుండానే డెల్టా అంతటా వెలుస్తున్నాయి కదా అని యువకులు వాదిస్తారు. పల్లె ఒంటరిగా చేయలేని పనులు కొన్ని ఉన్నాయి. మొదటిది పాస్టరు చదువు. ఇదివరకు రాజమండ్రిలోని లూథర్‌గిరిలో లూథరన్ వేదాంత విద్య నడిచేది. 1964లో వివిధ సంఘాలు కలిసి రాజమండ్రిలోనే ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలను స్థాపించాయి. 1973లో అది హైదరాబాదుకు తరలింది. సెరంపూరు సెనేట్ ఇచ్చే బీడీ పట్టాకు కొన్నేళ్ల చదువు అవసరం. ఏ ఒక్క గ్రామసంఘమూ ఒక యువకుని అన్నేళ్లు చదివించలేదు. అభ్యర్థిని ఎంపికచేసి, సిఫారసు ఇచ్చి పంపేది పైసంఘమే.

రెండవది అభిషేకం, నియామకం. ఎవరు పాస్టరు, ఎవరు కాదు అన్నది తేల్చే అధికారం పారిష్‌కు లేదు. స్త్రీలకు పాస్టరు అభిషేకం వంటి నిర్ణయం కూడా పైనుంచే రావలసి వచ్చింది. ఏఈఎల్‌సీ 1999లో స్త్రీలకు అభిషేకం ఇచ్చింది. సీఎస్ఐలో తొలి మహిళా బిషప్‌గా నంద్యాలలో ఇ.పుష్పలలిత బాధ్యతలు చేపట్టినది 2013లో. పారిష్‌లను ఓటు అడిగి ఉంటే ఈ మార్పు మరింత ఆలస్యమయ్యేదేమో.

మూడవది బదిలీ. సంపన్న పారిష్‌లో పనిచేసిన పాస్టరు కొంతకాలానికి పేద పారిష్‌కు, అక్కడివారు ఇటు రావాలన్నది ఏర్పాటు. ఇది సక్రమంగా నడిచినప్పుడు కొల్లిపర, భట్టిప్రోలు వంటి మండలాల పల్లెలకు కూడా పట్టణంలో పనిచేసిన అనుభవజ్ఞుడు దక్కుతాడు. సక్రమంగా నడవనప్పుడు బదిలీ ఉత్తర్వు బహుమతిగానో శిక్షగానో మారుతుంది. అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ 1988లో ఏర్పడిన ఎవాంజెలికల్ లూథరన్ చర్చిలో 65 సినడ్లు ఉన్నాయి. పాస్టరును ఎంచుకుని పిలుచుకునేది స్థానిక సంఘమే. సినడ్ బిషప్ కార్యాలయం తగిన పేర్లు సూచించి, మధ్యవర్తిత్వం వహిస్తుంది. ఆరోగ్యబీమా, పింఛను కోసం జాతీయ స్థాయిలో విడిగా సంస్థ ఉన్నది. స్థానిక సంఘాలు తమ కానుకలోంచి సినడ్‌కు వాటా పంపుతాయి. డబ్బు కిందినుంచి పైకి ప్రవహించడంలో రెండు దేశాల నమూనా ఒకటే. తేడా ఏమిటంటే అక్కడి సంఘానికి ఎంపిక హక్కు ఉంది. ఇక్కడి పల్లెకు జీతం బాధ్యత ఉంది, ఎంపిక లేదు.

నాలుగవది, అన్నిటికన్నా ముఖ్యమైనది వృద్ధాప్యం. పాస్టరు ప్రభుత్వోద్యోగి కాడు. ఖజానా పింఛను లేదు. పనిచేసినంతకాలం మిషన్ బంగళాలోనో పార్సనేజిలోనో కాపురం ఉంటాడు. విరమణ నాటికి సొంత ఇల్లు కట్టుకోని వాడైతే సామాన్లు ఎక్కడ దించాలో తెలియదు. పాస్టరు ఉద్యోగంలో ఉండగా మరణిస్తే భార్యాపిల్లలు కొత్త పాస్టరు వచ్చేలోగా ఇల్లు ఖాళీ చేయాలి. ఇటువంటి సమయంలో ఆదుకోవడానికే ఉమ్మడి నిధి. ప్రతి పారిష్ నెలనెలా తన వాటా పైకి పంపితేనే అది నిండుతుంది. పంపనివారు పెరిగితే నష్టపోయేది వాటా ఎగ్గొట్టిన పారిష్ కాదు. ఎక్కడో విరమణ చేసిన ఒక ముసలి పాస్టరు, ఒక వితంతువు నష్టపోతారు.

కోర్టుకెక్కిన ఎన్నికలు

పారిష్‌లు వాటా పంపడానికి వెనకాడడానికి పేదరికం ఒక్కటే కారణం కాదు. కేంద్ర కార్యాలయంలో కుర్చీ ఎవరిదన్న వివాదాలు దశాబ్దాలుగా న్యాయస్థానాల గుమ్మం తొక్కుతూనే ఉన్నాయి. ఏఈఎల్‌సీ సొసైటీగా నమోదైన సంస్థ. సొసైటీల పాలనలో తగాదా వస్తే 2001 నాటి రాష్ట్ర సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 23వ సెక్షను కింద జిల్లా కోర్టుకు వెళ్లవచ్చు. ఎన్నికలు, సభ్యత్వ జాబితాలు, ఆస్తుల లీజులు ఈ దారిన వెళ్లాయి. మిషన్ కాంపౌండ్‌లు ఊరి చివర కట్టినవే అయినా ఊళ్లు పెరిగి అవి నడిబజారులో పడ్డాయి. 2014లో అమరావతి ప్రాంతాన్ని రాజధానికి ఎంపికచేశాక గుంటూరు, తెనాలి, విజయవాడ స్థలాల ధరలు ఎక్కడికి వెళ్లాయో చెప్పనక్కరలేదు. భూమి విలువ పెరిగేకొద్దీ తగాదా పదును పెరిగింది.

ఇద్దరు అధికారులు తామే అసలైనవారమని లేఖలు రాస్తే పారిష్ కోశాధికారి ఎవరి ఖాతాలో డబ్బు వేయాలి? తీర్పు వచ్చేదాకా ఆగుదామనే అతని జవాబు. అభిషేకాలు ఆలస్యమవుతాయి, బదిలీలు నిలిచిపోతాయి, ఒకే ఊరికి ఇద్దరు పాస్టర్లు నియామకపత్రాలతో వచ్చిన ఉదంతాలు కూడా ఇటువంటి వివాదాలలో వినవస్తాయి. అయినా ఆదివారం గంట మోగకుండా ఆగలేదన్నది పల్లె సంఘాల ఘనత. పైసంఘం లేకున్నా పల్లె గుడి కొన్నాళ్లు నడుస్తుంది. పైసంఘం లేనిదే నడవనిది పాస్టరు కుటుంబమే.

విదేశీ సాయం దారి కూడా ఇరుకైంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020 సెప్టెంబరులో చేసిన సవరణ ప్రకారం ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే విరాళం రావాలి. ఒక సంస్థ అందుకున్న సొమ్మును మరో సంస్థకు బదిలీ చేయరాదు. పాలనా ఖర్చులకు వాడగలిగినది 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. పెద్ద సంస్థ డబ్బు తెచ్చి చిన్నవాటికి పంచే పాత పద్ధతికి దీనితో తెరపడింది.

ప్రభుత్వ గౌరవ వేతనం, కులధ్రువీకరణ

ఈ మధ్యలో రాష్ట్ర ప్రభుత్వం నుంచి పాస్టర్లకు నెలకు రూ.5 వేల గౌరవ వేతనం వచ్చింది. 2020 మేలో కరోనా కాలంలో అర్చకులు, ఇమాములు, పాస్టర్లకు ఒకసారి రూ.5 వేలు ఇచ్చారు. తరువాత అది పాస్టర్లకు నెలవారీ పథకమైంది. 2024లో ప్రభుత్వం మారాక బకాయి పడిన ఏడు నెలల మొత్తాన్ని 2025 ఏప్రిల్‌లో గుడ్ ఫ్రైడేకు ముందు విడుదల చేశారు. ఎనిమిది వేల పైచిలుకు పాస్టర్లకు సుమారు రూ.30 కోట్లు చేరింది. అన్ని సంఘాలకూ కలిపి ఉన్న సంఖ్య ఇది. సంఘం నమోదు, గుడి స్థలం పత్రాలు వంటి షరతులు ఉండడంతో పోరంబోకులో కట్టిన పల్లె గుడి పాస్టరుకు ఇది అందడం కష్టం. ఉపదేశికి ఎలాగూ వర్తించదు.

సంఘపు లెక్కలపై కులధ్రువీకరణ నీడ కూడా ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకు, తరువాతి సవరణలతో సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే ఎస్సీ హోదా వర్తిస్తుంది. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు రాష్ట్రంలో బీసీ-సీ కింద ఒక శాతం రిజర్వేషనుకు వస్తారు. ఒక పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025 ఏప్రిల్‌లో ఇదే విషయం చెప్పి, మతం మారినవారికి ఆ చట్టం రక్షణ ఉండదని తీర్పునిచ్చింది. పిల్లల చదువు, ఉద్యోగం దృష్ట్యా అనేక కుటుంబాలు ఆరాధనకు వస్తాయి గాని బాప్తిస్మ రిజిస్టరులో, చందా పుస్తకంలో పేరు రాయించడానికి జంకుతాయి. పేరు లేనిచోట క్రమమైన చందా లేదు. ఓటు లేదు. సంఘం ఎన్నికల్లో సభ్యత్వ జాబితాపై తగాదాలు రావడానికి ఇదీ ఒక మూలం.

బెజవాడలో లూథరన్‌లు

1893లో కృష్ణపై రైలు వంతెన వచ్చి బెజవాడ కూడలి అయినప్పటి నుంచి గుంటూరు వైపు లూథరన్ కుటుంబాలు ఇటు రావడం మొదలైంది. రైల్వే ఉద్యోగం, ఆటోనగర్, ఆస్పత్రులు, చదువులు ఆ రాకను పెంచాయి. పాత ఒప్పందం ప్రకారం ఇది వారి క్షేత్రం కాదు. నగరంలో లూథరన్ సంఘాలు ఏర్పడినా వచ్చినవారిలో చాలామంది ఇంటికి దగ్గరగా ఉన్న సీఎస్ఐ గుడికో, స్వతంత్ర ప్రార్థనామందిరానికో అలవాటు పడ్డారు. సభ్యత్వ బదిలీ పత్రం తెచ్చి నగర పారిష్‌లో నమోదయ్యేవారు తక్కువ. పెళ్లి ప్రకటన అవసరమైనప్పుడో, సమాధి స్థలం కావలసినప్పుడో ఆ పత్రం గుర్తుకొస్తుంది.

ఇటువంటి కుటుంబం నుంచి కానుక మూడు దారులు పడుతుంది. వారం వారం కానుక వెళ్లేచోటికి వెళ్తుంది. కోత పండుగకు మాత్రం ఊరికి పోయి వేలం పాడి వస్తారు. నగర లూథరన్ పారిష్‌కు దక్కేది క్రిస్మస్, ఈస్టరు ఆరాధనల కానుకే. దాంతో ఊళ్లో గుడి కొత్త రంగుతో మెరుస్తుంటే నగరంలోని పాస్టరు ఇంటి అద్దెకు చందా జాబితా తిప్పుతూ ఉంటారు.